సామాను దగ్గర మనిషి

మనుషుల్ని ముఖం చూసి అంచనా వేసేవాళ్ళంటే టోకెనమ్మకి నవ్వొస్తుంది. ముఖం కడుక్కోవచ్చు, పౌడరు కొట్టుకోవచ్చు, అవసరం పడితే నవ్వు కూడా పులుముకోవచ్చు. చూడాల్సింది సంచి. నాలుగంతస్తుల బట్టల దుకాణంలో, గుమ్మం దాటగానే ఎడమచేతి వైపు, మెట్ల కింద తల వంచి దూరాల్సిన మూల ఒకటుంది. అందులో ఇనప అరలు, అరల ముందు బల్ల, బల్ల వెనక స్టూలు. లోపలికెళ్ళే ప్రతివాళ్ళూ తమ సంచి అక్కడ అప్పగించి, నంబరేసిన బిళ్ళ తీసుకుని వెళ్ళాలి. ఆ స్టూలు మీద కూర్చునే మనిషి ఆవిడ. పెళ్ళయిన కొత్తలో చేరింది. తనతో పాటు చేరినవాళ్ళు పిల్లల బట్టల సెక్షనుకీ, బిల్లింగుకీ, పైన ఏసీ గాలి కిందకీ ఎక్కిపోయారు. ఈవిడ మెట్ల కిందే ఉండిపోయింది. టోకెనమ్మ అనేది తోటివాళ్ళు పెట్టిన పేరు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలన్న దురద కూడా ఎవరికీ లేదు.

ఆ కౌంటరుకొక నియమం ఉంది. షట్టరు దించే ముందు ఏ సంచికి ఆ సంచి దాని సొంతదారు చేతికే ఇవ్వాలి. బల్ల మీద పెట్టేసి వెళ్ళకూడదు, పక్కనున్నవాళ్ళకిచ్చి పంపకూడదు. చేతికివ్వాలి, చూసుకోమనాలి, అప్పుడే కౌంటరు మూసినట్టు. ఈ ఒక్క విషయంలో టోకెనమ్మని కదిపినవాళ్ళు లేరు. మేనేజరు వచ్చి, "సంచిగలాయన బయట కారులో ఉన్నాడట, నాకిచ్చెయ్, నేనిచ్చేస్తాను," అన్నా సరే, "ఆయన్నే రమ్మనండి సార్," అని కూర్చునేది.

ఇక సంచుల వాళ్ళ సంగతి ఏం చెప్పమంటారు. ఈవిడేదో తినేస్తుందన్నట్టు జిప్పుకి తాళం వేసి ఇచ్చేవాళ్ళు కొందరు. తిరిగి తీసుకున్నాక, ఈవిడ ముట్టుకున్న చోట రుమాలుతో తుడుచుకునేవాళ్ళు కొందరు. తిండి డబ్బా అందులోనే మర్చిపోయి, వారం తరవాత వచ్చి, వాసనొస్తోందని ఈవిడ మీదే విరుచుకుపడే ఘనులు కొందరు. అందరికీ ఒకటే జవాబు. "బిళ్ళ చూపించండి." ఆ మాట వెనక ఆవిడ మనసులో ఎంత ఏవగింపు ఉండేదో వాళ్ళకి తెలిసుంటే ఆ దుకాణానికి బేరాలే ఉండేవి కావు.

ఇంత ఏవగింపు ఉన్న మనిషి ఇంట్లో ఎలా ఉండేది? కుక్కిన పేనులా ఉండేది. అదే ఇక్కడ విడ్డూరం.

ఆవిడ భర్త డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుంటే, ఈయన పక్క సీట్లో తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద కాలేసుకుని కూర్చుంటాడు. ఏళ్ళ తరబడి అదే పని కావడంతో ఆ కాలికి జబ్బు పట్టుకుంది. సోఫాలో కూర్చుని టీవీ చూస్తున్నా, ఎవరైనా గబగబా నడిచినా, కూతురు గ్లాసు నిండా నీళ్ళు తెచ్చినా, కుడికాలు నేలని నొక్కేది. నోరు దానికి తోడు. "మెల్లగా, మెల్లగా, ఎడమకి, ఆ, ఇప్పుడు పెట్టు." సొంతంగా ఏ పనికీ లేచే మనిషి కాదు. ఒకళ్ళు చేస్తుంటే పక్కన కూర్చుని ఆపడం ఒక్కటే ఆయనకొచ్చిన విద్య.

వాళ్ళ ఇల్లు సముద్రానికి దగ్గర. దగ్గరంటే కిటికీలోంచి కనిపించేంత కాదు, బస్సెక్కితే రెండు పాటలు వినేలోపు దిగిపోయేంత. ఆ దగ్గరే ఆవిడ పాలిట శాపమైంది. ఏటా క్రిస్మస్ సెలవులకి బావగారూ, తోటికోడలూ పెట్టెలు సర్దుకుని దిగిపోయేవారు. బావగారికి కర్టెన్ల షాపు. ఏ ఇంట్లో అడుగుపెట్టినా మనుషుల్ని పలకరించకముందే కిటికీల వైపు చూసే మనిషి. "ఈ గుడ్డ ఇంకా మార్చలేదా అమ్మా," అనేది ఆయన కుశలప్రశ్న. మార్చడానికి తన షాపులోంచి ఒక ముక్క తెచ్చిన పాపాన మాత్రం ఎన్నడూ పోలేదు. తోటికోడలికి లేని రోగం లేదు. ఆవిడ చేతిసంచిలో మాత్రలు, మలాములు, మడతపెట్టిన తువ్వాలు, ఇంకో తువ్వాలు, వేడినీళ్ళ ఫ్లాస్కు. ఇంత సరంజామా మోసుకొచ్చేది, మంచినీళ్ళు మాత్రం మంచం దగ్గరికి తెప్పించుకునేది.

ఆ ఏడాది కూడా వచ్చారు. టోకెనమ్మ అటకమీంచి ప్లాస్టిక్ చెట్టు దించి, దుమ్ము దులిపి, కొమ్మలు విప్పి హాల్లో మూలన నిలబెట్టింది. దీపాల దండలో సగం వెలిగి సగం వెలగలేదు. భర్త సోఫాలోంచి, "ఆ కొస ఇటు తిప్పు, కాదు, అటు," అన్నాడు. బావగారు ఆ చెట్టు ఆకుపచ్చ రంగు కిటికీ గుడ్డతో కలవలేదన్నాడు. తోటికోడలు ఆ దీపాలు కళ్ళల్లో గుచ్చుకుంటున్నాయని అటు వీపు పెట్టి కూర్చుంది. పదహారేళ్ళ పిల్ల ఒక్కతే స్టూలెక్కి, పైన నక్షత్రం పెట్టి, "బాగుంది కదమ్మా," అంది. బాగుందనే అన్నది తల్లి.

పండగనాడు చర్చి నుంచి వచ్చాక అందరూ భోజనాలకి కూర్చున్నారు. వంటంతా ఎవరు చేశారో చెప్పక్కర్లేదు కదా. కేకు కోశారు, పంచారు, ఇంకా వేళ్ళకి అంటుకున్న క్రీము నాకుతుండగానే బావగారు మొదలుపెట్టాడు. ఏటా పెట్టే ముక్కే అది. పాటల్లాగే ఆ ఇంట్లో పండక్కి అదీ ఉండి తీరాలి.

"రేపు సముద్రానికి పోదాం. అయితే ఈసారి నా బూట్లు మాత్రం నేను నెత్తిన పెట్టుకుంటాను బాబూ."

తోటికోడలు పకపకా నవ్వింది. భర్త పొట్ట పట్టుకుని నవ్వాడు. "అన్నయ్యా, ఆ బూటు ఇప్పటికి ఏ దేశం చేరిందో."

కథ ఇదీ. పిల్ల ఇంకా నడక సరిగ్గా రాని వయసులో ఉన్నప్పుడు ఒక క్రిస్మస్ సెలవుల్లో అందరూ సముద్రానికి వెళ్ళారు. ఎప్పటిలాగే టోకెనమ్మ దుప్పటి పరిచి సామాను దగ్గర కూర్చుంది. మధ్యలో లేచి పరుగెత్తింది. ఆ కాసేపట్లో పెద్ద అల ఒకటి దుప్పటి దాకా వచ్చి బావగారి తోలు బూటు ఒకటి ఎత్తుకుపోయింది. ఆయన ఒంటి బూటుతో ఇంటికొచ్చాడు. "సామాను దగ్గర కూర్చోపెడితే కూర్చోలేదు" అన్న మాట ఆనాటి నుంచి ఆవిడ మెడలో బిళ్ళలా వేలాడుతోంది.

ఎందుకు లేచిందీ అంటే, దానికీ ఆ కథలో ఒక ముక్క ఉంది. "పిల్ల కాస్త తడిసిందని కంగారుపడింది." అంతే. జరిగిందేమిటంటే, భర్త చెయ్యి పట్టుకుని నీళ్ళలో నిలబడ్డ పసిపిల్లని అల లాక్కుపోయింది. ఆయన చేతిలో చెయ్యి లేదన్న సంగతి కూడా ఆయనకి తెలీదు. అన్నగారికి అలకి ఎలా ఎదురు నిలబడాలో రెండు చేతులూ ఊపి నేర్పుతున్నాడు. నీళ్ళలో ఎర్రగౌను ఒకసారి పైకి తేలి మళ్ళీ మునగడం దుప్పటి మీంచి చూసింది టోకెనమ్మ ఒక్కతే. పరుగెత్తింది, దూకింది, జుట్టు పట్టుకుని పైకి లాగింది, ఒడ్డున బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కించింది. పిల్ల ఏడుపు అందుకున్నాక అందరూ చుట్టూ మూగారు. ముందుగా నోరు తెరిచింది బావగారు. "నా రెండో బూటేదీ?"

పిల్ల బతికింది, బూటు పోయింది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో చెప్పుకుంటున్నది బూటు గురించే. ఇలాంటి మనుషులుంటారా అంటే ఉంటారు, కేకు తింటూ ఉంటారు.

మరి ఈవిడెందుకు నోరు మూసుకుంది? పిల్లకి తెలిస్తే నీళ్ళంటే భయం పట్టుకుంటుందని మూసుకుంది. ఆ ఒక్క కారణం మంచిదే. మిగతా కారణాలన్నీ పిరికితనమే. ఎవరైనా ఆవిడ కాళ్ళూ చేతులూ కట్టేశారా? లేదు. నువ్వు సముద్రంలోకి దిగకూడదని శాసనం చేశారా? అదీ లేదు. "సామాను దగ్గర ఎవరో ఒకరుండాలి కదా," అని ఎవరో అంటారు. అందరూ గాల్లోకి చూస్తారు. "పర్లేదు, నేనుంటాను," అని ఈవిడంటుంది. ఏటా ఇంతే. తనని చూస్తే తనకే ఒళ్ళు మండేది.

పైగా ఈతరాని మనిషా? వాళ్ళ నాన్న ఊరి స్విమ్మింగ్ పూల్లో నీళ్ళ మోటార్లు చూసుకునేవాడు. తెల్లవారుజామున గేటు తెరవకముందే కూతుర్ని తీసుకెళ్ళి నీళ్ళలో వదిలేవాడు. పెళ్ళినాటికి ఆవిడ చేపే. అత్తవారింట్లో ఆ సంగతి చెబితే, "ఈతొచ్చిన కోడలా, బావిలో బిందె పడితే పనికొస్తుంది," అని నవ్వుకున్నారు. తరవాత దాని ఊసెత్తినవాళ్ళు లేరు.

మొన్న పండగ అమ్మకాల రద్దీలో, తనకన్నా పెద్దావిడ ఒకామె తడిజుట్టుతో వచ్చి కౌంటరు మీద సంచి పెట్టింది. "జాగ్రత్తమ్మా, తడిబట్టలున్నాయి. ఈత కొట్టి ఇటే వచ్చేశాను," అంది. సంచి అర మీద పెడుతుంటే గుప్పుమని స్విమ్మింగ్ పూల్ నీళ్ళలో కలిపే మందు వాసన. నాన్న చొక్కా వాసన అది. టోకెనమ్మ ఆ సంచి పక్కనే చాలాసేపు నిలబడింది. ఆ సాయంత్రం పైఅంతస్తుకెళ్ళి మోకాళ్ళదాకా వచ్చే నల్లటి ఈతడ్రెస్సు ఒకటి కొని, బీరువాలో పాత దుప్పట్ల అడుగున దాచింది. ఈసారి సముద్రంలోకి దిగకపోతే ఇక ఈ జన్మలో దిగనని ఆవిడకి గట్టిగా అనిపించింది.

అందుకే బూటు కథ అయ్యాక, నవ్వులు కాస్త తగ్గాక, కంచాలు తీస్తూ అంది. "రేపు నేనూ నీళ్ళలోకి దిగుతాను."

బావగారు వేలి క్రీము నాకడం ఆపాడు.

"దిగు, ఎవరొద్దన్నారు," అన్నాడు భర్త. కుడికాలు బల్ల కింద నేలని నొక్కుతోంది.

"డిసెంబరు నీళ్ళు చల్లగా ఉంటాయి. ఈ వయసులో నడుం పట్టేస్తే ఎవరు చేస్తారు?" అంది తోటికోడలు. చెయ్యాల్సింది వంట అని విడమరిచి చెప్పలేదు, అంతే తేడా.

"పోనీలే పాపం, దిగనివ్వండి. ఏటా కూర్చునే ఉంటుంది," అన్నాడు బావగారు. ఏటా కూర్చునే ఉంటుందన్న సంగతి ఆయనకి తెలుసన్నమాట. టోకెనమ్మకి అది విని కృతజ్ఞత పుట్టాలి. కడుపు మండింది.

మర్నాడు పొద్దున్నే బయల్దేరారు. డ్రెస్సు మీద మామూలు బట్టలు వేసుకుంది టోకెనమ్మ. పిల్ల కూడా స్కూల్లో ఈత నేర్చుకున్నప్పటి డ్రెస్సు లోపల వేసుకుని, దారంతా తల్లి మోచెయ్యి గిల్లుతూ, "తాడు దాకా పోదామమ్మా, పోటీ," అంటూ కూర్చుంది. ఈత కొట్టేవాళ్ళకి హద్దుగా నీళ్ళలో తేలే బంతులు గుచ్చి కట్టిన తాడు అది. ఆ మాట ఎన్నిసార్లు విన్నా తల్లికి విసుగు పుట్టలేదు.

గాలి లేదు. సముద్రం మంచి గుణం మీద ఉంది. ఒడ్డున కాపలావాళ్ళ ఎత్తు కుర్చీ, బంతులమ్మేవాళ్ళు, ఇసకలో గోతులు తవ్వుకునే పిల్లలు. ప్రతి గుంపుకీ ఒక దుప్పటి, ప్రతి దుప్పటి మీదా ఒక మనిషి. టోకెనమ్మ చూపు ముందు వాళ్ళ మీదే పడింది. ఒకచోట ఎవరి అమ్మమ్మో, ఒకచోట ఎవరి వదినో, ఇంకోచోట కడుపుతో ఉన్న అమ్మాయి. మగవాడు ఒక్కడు కూర్చుని ఉంటే ఒట్టు. ఉన్నాడు ఒకాయన, కాలికి కట్టుంది.

దుప్పటి పరిచారు. పరిచారంటే ఈవిడే పరిచింది. భర్త ప్యాంటు విప్పి మడిచి, ఫోనూ కారుతాళాలూ దాని జేబులో పెట్టి, తన బూట్లు పక్కన పెట్టాడు. తోటికోడలు చేతిసంచి దింపింది, తువ్వాలు తీసింది, మళ్ళీ పెట్టింది. బావగారు కొత్త తోలు బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి లోపల కుక్కి, రెంటినీ దుప్పటి నట్టనడుమ, పసిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా పెట్టాడు. మెడలోంచి కెమెరా తీసి వాటి పక్కన పెట్టాడు.

టోకెనమ్మ పైబట్టలు విప్పి మడత పెట్టింది. నల్లడ్రెస్సులో నిలబడేసరికి తోటికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భర్త అటూ ఇటూ చూశాడు, ఎవరైనా చూస్తున్నారేమోనని. ఎవరూ చూడటం లేదు. ఎవరి గోల వాళ్ళది.

"మరి సామాను?" అంది తోటికోడలు.

అందరూ గాల్లోకి చూశారు. అలవాటైన చూపు కదా, తేలిగ్గా వచ్చేసింది. టోకెనమ్మ మొదటిసారి తనూ గాల్లోకి చూసింది. నోటిదాకా వచ్చిన "పర్లేదు"ని పళ్ళ మధ్య ఆపుకుంది. నలుగురు పెద్దవాళ్ళు దుప్పటి చుట్టూ నిలబడి ఆకాశంలో ఏముందో చూస్తుంటే, పక్క దుప్పటివాళ్ళు కూడా తలెత్తి చూశారు.

భర్తకి తోచింది. "అమ్మాయి ఉంటుందిగా. ఎలాగూ ఫోను చూసుకుంటూ కూర్చోవడమే కదా."

"అవును తల్లీ, నువ్వు కూర్చో. మీ అమ్మ ఎన్నాళ్ళకో సరదా పడుతోంది," అన్నాడు బావగారు.

పిల్ల తల్లి వైపు చూసింది. సగం విప్పిన చొక్కా మళ్ళీ వేసుకుని, "పర్లేదులే అమ్మా, నువ్వెళ్ళు," అంది.

టోకెనమ్మ వెళ్ళింది. అదీ చెప్పాలి, దాచడం దేనికి. ఇన్నేళ్ళ ఆశ కాళ్ళని లాగితే వెళ్ళింది. మిగతా ముగ్గురూ ముందే నీళ్ళలో ఉన్నారు. మోకాలి లోతు వాళ్ళ మహాసముద్రం. అక్కడ నిలబడి చిన్న అల వస్తే చాలు, ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు పట్టుకుని కేరింతలు. భర్త పక్కవాళ్ళకెవరికో అలకి పక్కకి తిరిగి ఎలా నిలబడాలో నేర్పుతున్నాడు. నీళ్ళు చీలమండలకి తగిలాయి, పిక్కలకి తగిలాయి. చల్లగా, మహా సుఖంగా ఉంది. ఇంకో పది అడుగులేస్తే నేల వదిలేయొచ్చు.

అప్పుడు బావగారు ఒడ్డు వైపు తిరిగి కేకేశాడు. "అమ్మాయ్, లేవకు. మీ అమ్మలా చేశావంటే ఊరుకోను. బూట్లు కొత్తవి."

ముగ్గురూ నవ్వారు. టోకెనమ్మ వెనక్కి తిరిగి చూసింది.

పిల్ల మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, సంచుల పట్టెలన్నీ కలిపి ఒక చేత్తో పట్టుకుని కూర్చుని ఉంది. ఫోను చూడటం లేదు. తాడు వైపు చూస్తోంది. పట్టెలు అలా కలిపి పట్టుకోమని ఎవరూ నేర్పలేదు. ఏటా చూసి నేర్చుకుంది. టోకెనమ్మకి తన కూతురికి తనిచ్చిన ఆస్తి ఈ దుప్పటేనా అనిపించింది. పక్క దుప్పటి మీది అమ్మమ్మ ఈ పిల్లని చూసి, తోటి ఉద్యోగిని చూసినట్టు నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇక ఆవిడ ముందుకెళ్ళలేకపోయింది.

గబగబా ఒడ్డుకొచ్చింది. "ఏమైందమ్మా, చల్లగా ఉందా?" అంది పిల్ల.

"లే."

"సామాను ఉంది కదమ్మా." కాస్త ఆగి, తల్లి ముఖం చూసి అడిగింది. "అమ్మా, అసలు అప్పుడు నువ్వెందుకు లేచావు? ఎప్పుడూ చెప్పలేదు."

"నువ్వు మునిగిపోతున్నావు."

"నేనా? కాస్త తడిశానన్నారు కదా అందరూ."

"తడిశావు. తల మునిగేదాకా తడిశావు. మీ నాన్న చెయ్యి వదిలేశాడు, అది ఆయనకి తెలీను కూడా తెలీదు. నేను లేచాను. బూటు పోయింది."

పిల్ల దుప్పటి నట్టనడుమ ఉన్న కొత్త బూట్ల వైపు చూసింది. తరవాత నీళ్ళలో నవ్వుకుంటున్న ముగ్గురి వైపు చూసింది. ఆ చూపు టోకెనమ్మ ఎరుగును. బిళ్ళ పారేసుకొచ్చి దబాయించేవాళ్ళని తను చూసే చూపు అది. ఎత్తుకుని పెంచినందుకు పిల్లకి అది కూడా వచ్చింది.

"ఇప్పుడేం చేద్దామమ్మా?"

"కౌంటరు మూసేద్దాం. ఎవరిది వాళ్ళ చేతికిచ్చేసి."

చేతిసంచీ, కెమెరా, కొత్త బూట్లూ తల్లి తీసుకుంది. తండ్రి ప్యాంటూ, బూట్లూ, దులిపి మడిచిన దుప్పటీ పిల్ల తీసుకుంది. తమ పైబట్టలు మాత్రం కాపలావాళ్ళ కుర్చీ గుంజకి ముడేసి, ఇద్దరూ వరసగా నీళ్ళలోకి నడిచారు.

ముందు తోటికోడలు. "అక్కా, మీ సంచి. పట్టుకోండి."

"ఇదేంటి, ఇక్కడికి తెచ్చావేంటి? తడిసిపోవూ," అంటూనే చేతులు చాపింది. ఎవరైనా ఏదైనా ఇస్తే చేతులు చాపడం ఆవిడ స్వభావం.

"అన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి."

తరవాత భర్త. పిల్ల ఆయన భుజం మీద దుప్పటి వేసి, ఒక చేతిలో ప్యాంటు, ఒక చేతిలో బూట్లు పెట్టింది. "నాన్నా, తాళాలు జేబులో ఉన్నాయి. చెయ్యి వదిలెయ్యకు," అంది. ఆ చివరి మాట అంటున్నప్పుడు పిల్ల ఆయన కళ్ళల్లోకే చూసింది. ఆయన నోరు తెరిచి, ఏ సూచనా ఇవ్వలేక మళ్ళీ మూసుకున్నాడు. బహుశా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

చివరికి బావగారు. మెడలో కెమెరా వేసి, రెండు చేతుల్లో రెండు బూట్లు పెట్టింది టోకెనమ్మ. "బావగారూ, రెండూ ఉన్నాయి. సరిగ్గా చూసుకోండి. తరవాత నన్నడిగితే నాకు సంబంధం లేదు."

"ఇదేం పనమ్మా? మతి గాని పోయిందా?"

"సెలవులండీ," అంది టోకెనమ్మ.

వాళ్ళకి ఎదురుగానే తల్లీకూతుళ్ళు నడుంలోతు దాకా నడిచి, అల కింద తలలు ముంచి, అవతల తేలారు. ఇన్నేళ్ళ తరవాత ఒళ్ళు ఏం మర్చిపోయిందో అనుకుంది టోకెనమ్మ. ఏమీ మర్చిపోలేదు. చేతులు వాటంతట అవే నీటిని తోశాయి. పిల్ల ముందు పోతోంది. తల్లి వెనకే పోతూ దాని పాదాల వెనక లేస్తున్న నురగనే చూస్తూ ఈదింది. సంతోషం అనే మాట ఆవిడ ఎప్పుడూ పెద్దగా వాడదు. అప్పుడు మాత్రం అదే మాట తట్టింది.

తాడు పట్టుకుని వెనక్కి చూస్తే ఆ ముగ్గురూ ఇంకా అక్కడే ఉన్నారు. చేతులు పైకెత్తి, సంచీ, బూట్లూ, ప్యాంటూ తలలకన్నా ఎత్తున పట్టుకుని నిలబడ్డారు. పది అడుగులు వెనక్కి నడిస్తే ఒడ్డు. వెళ్ళి కింద పెట్టేసుకోవచ్చు. కాని పెడితే ఎవరో ఒకరు దాని దగ్గర కూర్చోవాలి కదా. నీళ్ళ మీద మాటలు బాగా వినిపిస్తాయి.

"నువ్వెళ్ళి కూర్చో."

"నాకెండ పడదని తెలీదా? మీ తమ్ముణ్ణి కూర్చోమనండి."

"నేనిక్కడ వీళ్ళిద్దరినీ చూస్తుండాలి వదినా. మెల్లగా. ఇదిగో, ఇక చాలు, వెనక్కి తిప్పండి." చివరి మాటలు సముద్రానికి. ఆయన కుడికాలు అడుగున ఇసకని నొక్కుతూనే ఉండి ఉంటుంది.

ముగ్గురికి ముగ్గురూ పెద్దమనుషులు, ఒక్కళ్ళకీ కూర్చునే ధైర్యం లేదు. ఇలాంటి వాళ్ళకా తను ఇన్నేళ్ళూ జడిసింది? వాళ్ళ మీద ఉన్న కోపం కాస్తా నీరుగారి, వట్టి రోత మిగిలింది. ఆ రోత తేలిగ్గానే ఉంది.

అంతలో వెనకనుంచి ఓ మోస్తరు అల లేచింది. చేతులు ఖాళీగా ఉంటే పట్టుకుని నిలబడేవాళ్ళే. ముగ్గురూ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. లేచేసరికి తోటికోడలి తువ్వాళ్ళు మెడకి చుట్టుకున్నాయి, భర్త ప్యాంటు దొరికింది, బావగారి చేతిలో ఒకటే బూటుంది. రెండోది అల వెనక్కి పోతూ పోతూ తనతో తెచ్చింది. మేజోడు లోపలే ఉంది. ఊగుతూ తాడు వైపే వస్తోంది.

"బూటు, బూటు. అమ్మాయ్, అదుగో, నీ పక్కనే. పట్టుకో," అని ఒడ్డు వైపు నుంచి బావగారి గొంతు.

బూటు టోకెనమ్మ చెయ్యి చాపితే అందేంత దగ్గరికి వచ్చింది. మంచి తోలు. లోపల మేజోడు చక్కగా మడిచి ఉంది.

"అమ్మా, పెదనాన్న బూటు," అంది పిల్ల.

"చూశాను," అంది టోకెనమ్మ. బూటు తాడు కింద నుంచి దూరి అవతలికి పోయేదాకా చూసి, వెల్లకిలా తిరిగి తేలింది.